మంది చేలో మన సైకిలు

మా వంశంలో సైకిలు తొక్కినవాళ్లున్నారు. పొలం గట్టు కోసం కోర్టుకెక్కినవాళ్లూ ఉన్నారు. ముక్కూ మొహం తెలియని రైతు చేలోకి, అడగా పెట్టకుండా, నెత్తిన హెల్మెట్టూ మోకాళ్లకి ప్యాడ్లూ తగిలించుకుని మరీ సైకిలేసుకుని దిగిపోయేవాడు మాత్రం నాతోనే మొదలు.

మాది పశ్చిమ గోదావరి జిల్లాలో ఓ డెల్టా ఊరు. అక్కడ గట్టంటే రెండు కుటుంబాలని మూడు తరాల పాటు కలిపి ఉంచే వ్యాజ్యం. ఏటా దమ్ము చేసేటప్పుడు పక్కచేను ఆసామి గట్టుని అంగుళం చొప్పున చెక్కేస్తున్నాడని మా తాతయ్య అభియోగం. చెక్కేది మా తాతయ్యేనని ఆయన అభియోగం. ఇద్దరి మాటా నిజమే. రెండు వైపుల నుంచీ చెక్కగా చెక్కగా ఆఖరికి ఆ గట్టు మీద కొంగ కూడా ఒంటికాలి మీద తప్ప నిలబడలేని పరిస్థితి వచ్చింది. సర్వేయరు గొలుసు తీసుకుని వచ్చిన రోజున చూడ్డానికి ఊరు ఊరంతా పనులు మానుకుంది. కేసు తేలకముందే ఇద్దరూ పోయారు. గట్టు ఇంకా ఉంది, సన్నగా.

ఇలాంటి రక్తం ఒంట్లో పెట్టుకుని నేను ఇంగ్లండులో షెఫీల్డు చేరాను. ఆ ఊరికి పడమటగా పీక్ డిస్ట్రిక్ట్ ఉంది. 1951లో ఏర్పడింది, బ్రిటన్‌లో మొట్టమొదటి నేషనల్ పార్కు. షెఫీల్డు నగరపాలక సంస్థ హద్దుల్లో మూడో వంతు ఆ పార్కులోనే ఉంటుంది. నేషనల్ పార్కు అనగానే మనకి ప్రభుత్వ అడవీ, ఫారెస్టు గార్డూ, టికెట్ల కౌంటరూ గుర్తొస్తాయి. అక్కడ అవేం లేవు. ఉన్నవి ఎక్కువగా రైతుల భూములే. రాళ్లు పేర్చి కట్టిన గోడలు, ఆ గోడల మధ్య గడ్డి చేలు, చేలల్లో గొర్రెలు, గొర్రెల వెనక కుక్క, కుక్క వెనక రైతు. కొండ సైకిలు తొక్కాలంటే వీళ్లందరి మధ్య నుంచే తొక్కాలి.

పొలం ఒకడిది, ఆ పొలం మధ్యగా పోయే బాట మీద నడిచే హక్కు మాత్రం లోకానికంతటికీ అనే ఏర్పాటుని నేను చాలా కాలం నమ్మలేదు. మన్ను రైతుదే, గడ్డి రైతుదే, దాని చాకిరీ అంతా రైతుదే. ఆ మన్ను మీంచి పోయే హక్కు మాత్రం నాది, నీది, మొన్న హీత్రోలో దిగిన మా పిన్ని కొడుకుది. ఎవర్నీ అడగక్కర్లేదు. అలా తరతరాలుగా జనం నడిచిన బాటలన్నిటినీ పటాల మీదికి ఎక్కించాలని 1949లో చట్టం చేశారు. ఆ పటాల్లో బాటకో కులం ఉంది. పసుపు బాణం గుర్తుంటే కాలిబాట, మనుషులకి మాత్రమే. నీలం బాణం ఉంటే బ్రైడిల్‌వే, మనుషులకీ గుర్రాలకీ. ఊదా, ఎరుపు రంగులవి ఇంకో రెండున్నాయి గానీ అవి తక్కువ.

ఇందులో సైకిలెక్కడుందంటారా? అది 1968లో వచ్చి చేరింది. ఆ ఏటి గ్రామీణ ప్రాంతాల చట్టంలో 30వ సెక్షను కింద, బ్రైడిల్‌వేల మీద సైకిలు తొక్కుకోవచ్చు, కాకపోతే నడిచేవాళ్లకీ గుర్రం మీదున్నవాళ్లకీ దారివ్వాలి అన్నారు. అప్పటికి కొండ సైకిలనేది పుట్టలేదు. కాలిఫోర్నియాలో మౌంట్ టమల్‌పైస్ కొండ మీంచి కుర్రాళ్లు లావుపాటి టైర్ల పాత సైకిళ్లేసుకుని కిందికి దూకడం మొదలెట్టింది 1970లలో. చట్టం రాసినవాళ్ల కళ్ల ముందు బహుశా ముందు బుట్టలో పువ్వులు పెట్టుకుని చర్చికి పోయే అమ్మగారు మెదిలి ఉంటుంది. ఆవిడ కోసం తెరిచిన తలుపులోంచి, చెవుల దాకా బురద పూసుకున్న మేమంతా దూరిపోయాం. ఆ సెక్షనులోనే ఇంకో ముక్క కూడా ఉంది: సైకిళ్లవాళ్ల సౌకర్యం కోసం బాటని బాగు చేయాల్సిన బాధ్యత ఎవరికీ లేదని. అంటే, రావచ్చు, కానీ వస్తే ఏడుపు నీది.

ఈ కులవ్యవస్థలో న్యాయం వెతకబోతే మతి పోతుంది. ట్రాక్టరు హాయిగా పోయేంత వెడల్పు, కంకర పరిచిన బాట ఉంటుంది. దానికి పసుపు బాణం. అక్కడ నేను సైకిలెక్కకూడదు. పక్కనే మోకాలి లోతు బురదతో, గుర్రం డెక్కలు దిగబడిన గుంటలతో, ముళ్లపొద కిందుగా వంగి పోవాల్సిన దారుంటుంది. దానికి నీలం బాణం. అక్కడ నాకు సర్వహక్కులూ ఉన్నాయి. ఇంగ్లండులో ఉన్న ఇలాంటి బాటల్లో సైకిలుకి దక్కేది ఐదో వంతుకి కాస్త ఎక్కువ.

అంతకన్నా విడ్డూరం ఊరి శివార్ల దగ్గర. 1950లలో పటాల కోసం ఏ పారిష్ బాటలు ఆ పారిష్ వాళ్లే లెక్కరాశారు. ఒక ఊరివాళ్లు గుర్రాల బాటని రాసిన దాన్నే, పక్క ఊరివాళ్లు కాలిబాటని రాసేశారు. అందుచేత చక్కగా నీలం బాణాలు పట్టుకుని పోతూ ఉంటే, చేను మధ్యలో, చెట్టూ పుట్టా ఏమీ లేని చోట, ఊరి హద్దు వచ్చి నా హక్కు ఆవిరైపోతుంది. గుర్రం మీద వచ్చినవాడు గుర్రాన్ని అక్కడే వదిలేసి మిగతా దూరం నడవాలన్నమాట. రెవెన్యూ రికార్డంటే ఎక్కడైనా రెవెన్యూ రికార్డేనని నాకు ఆ క్షణంలో ఎంతో ఊరట కలిగింది.

మా జట్టులో రాజమండ్రి డాక్టరుగారొకాయన ఉన్నారు. ఎముకల డాక్టరు. కొండ సైకిళ్లవాళ్ల మధ్య ఎముకల డాక్టరు ఉండటం ఎంత ధైర్యమో, ఆయన ఆస్పత్రి గోల చెప్పడం మొదలెడితే అంత పిరికితనం. ఆయనకి చట్టం కంఠతా. ఫోనులో సర్వే పటం, జేబులో కాగితపు పటం, రెండూ ఉంటాయి. కాలిబాట మీద సైకిలు తొక్కితే అది నేరం కాదండీ, పోలీసు రాడు, కాకపోతే భూమి ఆసామి మన మీద సివిల్ దావా వేయొచ్చు, అంతే, అని ఓసారి నాకు ధైర్యం చెప్పబోయారు. పోలీసయితే నాకు భయం లేదు. సివిల్ దావా అనగానే ఒళ్లు జలదరించింది. మా ఇంట్లో అది మూడు తరాలు నడుస్తుంది.

హక్కున్న నీలం బాట మీదైనా నాకు సుఖం లేదు. కారణం, చాలా బ్రైడిల్‌వేలు రైతు ఇంటి ముంగిట్లోంచే పోతాయి. ఒక పక్క ఇల్లు, ఇంకో పక్క గొడ్ల చావిడి, మధ్యలో ప్రజల దారి. ఇంటావిడ బట్టలారేస్తూ ఉంటుంది. నేను మురికి పట్టిన బిగుతు లాగూతో ఆవిడ దండెం కిందుగా పోవాలి. డాక్టరుగారు ఠీవిగా పోతారు, పార్లమెంటు ఇచ్చిన హక్కు కదా. నేను ముంగిట్లోకి రాగానే దిగిపోతాను. ఆవిడకి సారీ చెబుతాను. ఆవిడ ఎందుకని అడిగితే ఏం చెప్పాలో తెలియక వాతావరణం గురించి మాట్లాడతాను. చావిట్లో ఆవులు తలెత్తి చూస్తే వాటికీ సారీ చెప్పినట్టు డాక్టరుగారు ఊరంతా చెప్పుకున్నారు. చెప్పానో లేదో నాకు గుర్తు లేదు గానీ, చెప్పినా తప్పు లేదనిపిస్తుంది. ఎవరింట్లోంచో పోతున్నప్పుడు మనిషన్నవాడు ఏదో ఒకటి అనాలి కదా.

ఆవుల మాటొచ్చింది కనక ఆబోతుల సంగతి చెప్పాలి. ఇంగ్లీషు చట్టసభ మేధస్సుకి ఇంతకు మించిన నిదర్శనం నేను చూడలేదు. ప్రజల బాట పోయే పొలంలో పది నెలలు దాటిన ఆబోతుని వదలకూడదు. ఇది 1981 చట్టం, 59వ సెక్షను. అమ్మయ్య అనుకోకండి, మినహాయింపుంది. ఆ ఆబోతు పాడి జాతిది కాకుండా మాంసం జాతిదై ఉండి, దాని వెంట ఆవులో పెయ్యలో కూడా ఉంటే వదలొచ్చు. పాడి జాతులు ఏవేవో ఏడు పేర్లు రాశారు: అయిర్‌షైర్, బ్రిటిష్ ఫ్రీజియన్, బ్రిటిష్ హోల్‌స్టెయిన్, డైరీ షార్ట్‌హార్న్, గెర్న్‌సీ, జెర్సీ, కెర్రీ. పాడి జాతి ఆబోతులకి కోపం ఎక్కువట. పెళ్లాం బిడ్డలతో ఉన్న మాంసం జాతి ఆబోతు పెద్దమనిషి తరహాగా ఉంటుందట. కాబట్టి అది తల వంచి నా వైపు వస్తున్నప్పుడు నేను చేయాల్సిందేమిటంటే, ముందు దాని వయసు కనుక్కోవాలి, తర్వాత జాతి గుర్తుపట్టాలి, ఆ తర్వాత చుట్టుపక్కల దాని సంసారం ఉందో లేదో చూడాలి. ఇన్నీ తేలాక, అది అక్కడ ఉండటం చట్టవిరుద్ధమని తెలిస్తే కౌన్సిలుకి ఫిర్యాదు చేసుకోవచ్చు. మా తాతయ్య కిలోమీటరు దూరాన్నుంచి ఒంగోలు జాతిని గుర్తుపట్టేవాడు. నాకు ఆయన నుంచి కోర్టు భయం వచ్చింది గానీ ఆ విద్య రాలేదు.

గేట్లు ఇంకో పురాణం. ప్రతి గోడకీ ఓ గేటు. గేట్లూ సందులూ ఎలా ఉండాలో బీఎస్ 5709 అని ఓ జాతీయ ప్రమాణం ఉంది, నిజం, గేటుకి. బ్రైడిల్‌వే గేటుకి గుర్రం మీంచి దిగకుండానే అందుకునేలా పొడుగ్గా పైకి లేచిన గడియ మీట ఉంటుంది. గుర్రానికి ఎంత మర్యాదో చూడండి. సైకిలువాడు మాత్రం దిగాలి. ఓ చేత్తో గడియ, ఓ చేత్తో సైకిలు, మోకాలితో గేటు, మడమతో తరుముకొచ్చే గొర్రెపిల్ల. గేటుని ఎలా ఉన్నది అలా వదిలెయ్యాలని నియమం. మూసి ఉంటే మూసెయ్యాలి, తెరిచి ఉంటే తెరిచే ఉంచాలి, ఎందుకంటే గొడ్లు నీళ్లకి పోవడానికి రైతు కావాలనే తెరిచి ఉండొచ్చు. మరి సగం తెరిచి ఉంటే? ఈ ప్రశ్న మీద మా జట్టు ఓ కొండ మీద వానలో నిలబడి చాలాసేపు వాదించుకుంది. డాక్టరుగారు సగమే మూశారు.

ఓసారి అలా గేటు దాటాక కుక్క తగిలింది. బోర్డర్ కోలీ, గొర్రెలు కాసే జాతి. రైతు దూరంగా మిట్ట మీద నిలబడి దానితో మాట్లాడుతున్నాడు. "కమ్ బై" అంటే గడియారం ముల్లు తిరిగే వైపు చుట్టి రావాలి, "అవే" అంటే దానికి ఎదురు తిరగాలి. మందలో గొర్రెలు ఎటు పోయాయో, కుక్కకి కనబడింది మా జట్టే. వంగి, కడుపు నేలకి ఆనించి, మా చుట్టూ ఒక్క చుట్టు తిరిగింది. ఎవరూ ఏమీ అనకుండానే మేమంతా ఒక దగ్గరికి చేరిపోయాం. ఇద్దరు కన్సల్టెంట్లు, ఒక చార్టర్డ్ అకౌంటెంటు, నేను, అందరం. పక్కకి పోబోయిన అకౌంటెంటుని కుక్క ఒక్క చూపుతో వెనక్కి తెచ్చింది. రైతు ఈల వేసేదాకా అలాగే ఉన్నాం. తర్వాత ఆయన దగ్గరకొచ్చి, మంచి మందే, కాస్త కాళ్లు సన్నం, అన్నాడు. వెక్కిరింతో పొగడ్తో తేల్చుకోలేకపోయాం. ఆ దేశంలో రెండూ ఒకే గొంతుతో చెబుతారు.

ఈ హక్కులు ఊరికే రాలేదు లెండి. పీక్ డిస్ట్రిక్టులోనే కిండర్ స్కౌట్ అని ఎత్తయిన బీడు కొండ ఉంది. ఒకప్పుడు దాన్ని భూస్వాములు వేటపిట్టల కోసం అట్టేపెట్టుకుని, ఫ్యాక్టరీ కూలీలని అడుగు పెట్టనిచ్చేవాళ్లు కాదు. 1932 ఏప్రిల్ 24న వందలాది మంది కుర్రాళ్లు మాంచెస్టరు వైపు నుంచి పోయి మూకుమ్మడిగా ఆ కొండెక్కారు. ఐదుగురికి జైలు శిక్షలు పడ్డాయి, అదీ చొరబడినందుకు కాదు, తోపులాటా దొమ్మీ అని. వాళ్ల నాయకుడు బెన్నీ రాత్మన్ అనే ఇరవయ్యేళ్ల యువకుడు. ఆ రోజు రైల్వే స్టేషను దగ్గర పోలీసులు కాపు కాస్తే, ఆయన వాళ్ల కళ్లుగప్పి సభ దగ్గరికి సైకిలేసుకుని పోయాడు. కాలినడక హక్కుల చరిత్రలో ముఖ్యుడు ఆ రోజు సైకిలు మీద వచ్చాడన్న విషయం మేం నడిచేవాళ్ల సంఘాల పెద్దలతో మాట కలిసినప్పుడల్లా గుర్తు చేస్తాం. వాళ్లకి నచ్చదు.

కొత్తగా హక్కు పుట్టే దారి కూడా ఉంది, అది వింటే మా తాతయ్య లేచి కూర్చునేవాడు. జనం ఒక దారిన ఇరవై ఏళ్ల పాటు, ఎవరి అనుమతీ అడక్కుండా, చాటుమాటుగా కాకుండా, అడ్డూ ఆపూ లేకుండా తిరిగితే, అది ప్రజల బాట అయిపోయినట్టే లెక్క. 1980 నాటి హైవేల చట్టంలో ఉంది. మన దేశంలో 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టంలోనూ పక్కవాడి భూమిలోంచి దారి హక్కుకి ఇరవై ఏళ్లే. సర్కారు భూమి అయితే ముప్పై. దీనికి విరుగుడుగా అక్కడి ఆసాములు కొందరు ఏడాదికో రోజు గేటుకి తాళం వేస్తారు. మిగతా రోజులన్నీ తెరిచే ఉంటుంది. ఆ ఒక్కరోజూ తాళం వేసి, ఇది నా ఇష్టం మీద ఇస్తున్నది, మీ హక్కు కాదు అని లోకానికి తెలియజేయడం. మా తాతయ్య అయితే ఆ రోజున కొత్త పంచె కట్టుకుని, పక్కచేను ఆసామిని సాక్ష్యానికి పిలిచి మరీ తాళం వేసేవాడు.

మరచిపోయిన పాత బాటల గోల వేరే ఉంది. 1949కి ముందునుంచీ ఉండి పటానికెక్కని వాటిని 2026 జనవరి 1 లోపు ఎక్కించకపోతే ఇక పోయినట్టేనని 2000లో గడువు పెట్టారు. దానితో రిటైరైన పెద్దలు పాత గుడి పన్నుల పటాలూ, భూములు పంచుకున్న పత్రాలూ తవ్వి తీయడంలో పడ్డారు. తర్వాత గడువు 2031కి జరిపారు. 2024 డిసెంబరులో, అసలు ఆ గడువే ఎత్తేస్తామన్నారు. దుమ్ము కొట్టుకుపోయిన కాగితాల మధ్య కళ్లజోడు సవరించుకుంటున్న అలాంటి పెద్దాయన్ని ఒకరిని నేను చూశాను. తలపాగా ఒక్కటి తక్కువ, మా ఊరి పాత కరణంగారే.

ఇంగ్లండు దాటి పైకి పోతే ఈ బాణాల గోల లేదు. స్కాట్లండులో 2003 చట్టం వచ్చాక, మర్యాదగా నడుచుకుంటే దాదాపు ఎవరి భూమి మీదైనా తిరగొచ్చు, సైకిలైనా సరే. ఎదుగుతున్న పంట తొక్కకూడదు, చేను అంచున పోవచ్చు. ఇళ్ల దొడ్లలోకి పోకూడదు. నాకు అక్కడ అసలు బాగోలేదు. ఎక్కడ ఆగాలో ఎవరూ చెప్పకపోతే మాలాంటి వంశంవాడు అన్ని చోట్లా ఆగుతాడు. అమెరికాలో బోస్టను దగ్గరుండే మా బావమరిది పరిస్థితి ఇంకోలా ఉంది. వాడు పోయేది వెర్మాంటులో ఈస్ట్ బర్క్ అనే పల్లెకి. అక్కడి కింగ్డమ్ ట్రెయిల్స్ వందకి పైగా మైళ్లు, దాదాపు వందమంది ఆసాముల సొంత భూముల మీంచి పోతాయి. హక్కనే మాటే లేదు, వాళ్లు సరేనన్నారు కాబట్టి తొక్కుతారు. 2019 డిసెంబరులో వాళ్లలో ముగ్గురు, ఇక మా భూమిలో సైకిళ్లు వద్దన్నారు. అంతే, ఎన్నో బాటలు మధ్యలో తెగిపోయాయి. "ఇక్కడ సెక్షన్లేం లేవు బావా, ఆసామి మూడ్ బాగుండాలి," అంటాడు వాడు. తాతయ్య కాలంలో మా ఊళ్లోనూ అంతే.

ఇప్పటికీ అంతే. మొన్న సెలవులకి పోయినప్పుడు మేనల్లుడి గేరు సైకిలు తీసుకుని పంటకాలవ గట్టెక్కి, పుంతలో దిగి, అక్కణ్ణుంచి చేల మధ్యకి పోయాను. కొబ్బరిచెట్టు కింద గొడుగేసుకుని కూర్చున్న ఓ ఆసామి ఆపాడు. ఈ దారి మీద నీకేం హక్కుందని అడుగుతాడేమోనని నేను 1882 చట్టం మననం చేసుకుంటున్నాను.

"ఎవరి తాలూకా బాబూ?"

చెప్పాను.

"ఓహో, గట్టు కేసాయన మనవడివా! రా, కూచో." బొండం కొట్టించాడు. నేను తాగుతూ ఉండగా సైకిలుని రెండు వైపుల నుంచీ చూశాడు. "లండన్లో ఉంటావంట కదా. మరి ఇదేంటి బాబూ, కారు లేదా? ఉజ్జోగం గానీ పోయిందా?"

ఆరోగ్యం కోసం తొక్కుతానన్నాను. ఆయన ఇంకా దిగులు పడ్డాడు. సాయంత్రానికి నాకేదో జబ్బు చేసిందనీ, దానితో ఉద్యోగం పోయిందనీ, కారు అమ్మేశాననీ మూడు ఊళ్లలో తెలిసిపోయి, మా అత్తగారు ఏడుస్తూ ఫోను చేశారు. చేలో తిరిగే హక్కు మాత్రం ఎవరూ ప్రశ్నించలేదు.

ఈ ఎండాకాలం నాన్నగారు షెఫీల్డు వచ్చారు. సైకిలుని వరండాలో చూసి, "స్టాండు లేదు, క్యారేజీ లేదు, మడ్‌గార్డు లేదు, బెల్లూ లేదు. ఇవన్నీ ఎవరో పీక్కుపోయినట్టున్నార్రా," అన్నారు. ధర అడిగితే నేను మా ఆవిడకి చెప్పినదే చెప్పాను, అంటే అసలులో నాలుగో వంతు. అదీ ఎక్కువేనన్నారు. సరే, నేను తొక్కే చోటేదో చూపిద్దామని ఓ ఆదివారం కారులో తూర్పు డెర్బీషైరు వైపు తీసుకెళ్లి, నీలం బాణం ఉన్న గేటు తీసి బార్లీ చేలోకి నడిపించబోయాను. అక్కడ బాట చేను మధ్యగా పోతుంది. రైతు దాన్ని దున్నుకోవచ్చు, విత్తుకోనూ వచ్చు, కానీ పధ్నాలుగు రోజుల్లోగా మళ్లీ బాటని చదును చేసి, రెండు మీటర్ల వెడల్పున పైరు లేకుండా ఉంచాలి. నడుము దాకా ఎదిగిన పచ్చటి పైరు, మధ్యలో ఈ చివర్నుంచి ఆ చివరికి పాపిడి.

నాన్నగారు లోపలికి రాలేదు. గేటు దగ్గరే చెప్పులు విడిచి నిలబడ్డారు.

"ఎవరిదిరా ఈ చేను?"

"ఎవరో రైతుది."

"అడిగావా?"

"అడగక్కర్లేదు నాన్నా. చట్టం ఉంది."

"చట్టం మనకీ ఉంది. మీ తాత దాని చుట్టూ ఎన్నేళ్లు తిరిగాడో తెలుసా?"

చెప్పులేసుకుని వచ్చారు గానీ, నడుస్తున్నంతసేపూ పైరు తగలకుండా పంచె ఎత్తి పట్టుకున్నారు. సగం దూరం పోయాక ఆగి, బాట వెడల్పు అడుగులతో కొలిచారు. తర్వాత ఈ చివరా ఆ చివరా చూసి లెక్క కట్టడం మొదలెట్టారు. నాలుగొందల మీటర్ల పొడుగు, రెండు మీటర్ల వెడల్పు, ఎనిమిదొందల చదరపు మీటర్లు. "ఒరే, ఇరవై సెంట్లు!" అన్నారు. ఆ గొంతు నేను ఆస్పత్రుల్లో విన్నాను. "ఇరవై సెంట్ల భూమి నీ సైకిలుకి ఇచ్చి కూచున్నాడా ఈ మహానుభావుడు?"

అంతలో మహానుభావుడే నాలుగు చక్రాల చిన్న బండేసుకుని వచ్చాడు. అరవై దాటిన మనిషి, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు. నేను సారీ అనబోయేలోగా నాన్నగారు రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టారు. ఆయన కాసేపు ఆలోచించి టోపీ తీశాడు. ఆ తర్వాత వాళ్లిద్దరికీ నాతో పని, మాటలు మోయడం వరకే.

ఎకరానికి ఎంత దిగుబడని నాన్నగారు అడిగారు. మంచి ఏడైతే రెండున్నర టన్నులన్నాడు. డెబ్బై ఐదు కేజీల బస్తా చొప్పున ముప్పై మూడు బస్తాలని తేల్చారు నాన్నగారు, మొహం వెలిగింది. దాళవాలో మాకు నలభై ఐదు పైమాటేనని చెప్పమన్నారు. చెప్పాను. రైతు, అది వరి కదా అన్నాడు. గింజ గింజే కదా అని చెప్పమన్నారు. రైతు ఓ కంకి తెంపి ఇచ్చాడు. నాన్నగారు అరచేతిలో నలిపి ఊది, గింజ కొరికి చూసి, ఇంకా పాలు గట్టిపడలేదన్నారు. ఇది నేను అనువదించకముందే రైతు అవునన్నట్టు తలూపాడు.

అప్పుడు నాన్నగారు బాట వైపూ నా వైపూ చెయ్యి చూపించి, చాలాసేపు మాట్లాడారు. సారాంశం ఇది: ఈ ఇరవై సెంట్లలో ఏటా ఆరున్నర బస్తాలు పోతున్నాయి, ఎవడో పనిలేనివాడు సైకిలు తొక్కడానికి ఇంత నష్టపోవడం ఏం ధర్మం, వెంటనే గేటుకి అటూ ఇటూ తుమ్మకంప కొట్టి పడేసుకోండి, ఎవడొస్తాడో చూద్దాం.

"మీ పైరు బాగుందంటున్నారు," అన్నాను నేను ఇంగ్లీషులో.

రైతు నా మొహం వంక, నాన్నగారి చేతుల వంక చూశాడు. ఆ చేతులు అప్పటికింకా గాల్లో కంప పరుస్తూనే ఉన్నాయి. నిట్టూర్చి, "నాకూ ఉంటుంది అలా చేయాలని. కానీ అడ్డం పెడితే కౌన్సిలు నుంచి బాటల ఆఫీసరు వస్తాడు. అడ్డు తీయించి, ఖర్చు నాకే వేస్తాడు," అని నాన్నగారితోనే చెప్పాడు. నన్ను అడగలేదు.

ఇది మాత్రం ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పాను. నాన్నగారు వీఆర్వో ఇక్కడా ఉన్నాడన్నమాట అని తృప్తిగా తలాడించి, రైతు భుజం మీద చెయ్యేసి, నా వైపు తిరిగారు.

"ఆ ఆఫీసరు ఎంత పుచ్చుకుంటాడో అడుగు."